మఠాల మాన్యాలు, భూస్వాముల మతం: ఇంగ్లండు, ఐర్లండు

సభకు నమస్కారం.

1536లో మొదలుపెట్టి నాలుగేళ్లలో ఇంగ్లండులోని క్రైస్తవ మఠాలన్నిటినీ, పోపుతో తెగతెంపులు చేసుకున్న రాజు ఎనిమిదో హెన్రీ మూయించాడు. దాదాపు 800 మఠాలు. ‘మా ఆత్మల కోసం ప్రార్థన చేయండి’ అని తరతరాలుగా భక్తులు రాసిచ్చిన మాన్యాలు వాటి కింద ఉండేవి. పొలాలు, పచ్చిక బయళ్లు, అడవులు, చేపల చెరువులు, పిండి మరలు, అన్నీ రాజు ఖజానాకు జమ అయ్యాయి. ఆ లెక్కలు చూడడానికి ప్రత్యేకంగా ఒక కోర్టే పెట్టారు. కానీ హెన్రీకి అటు ఫ్రాన్సుతో, ఇటు స్కాట్లండుతో యుద్ధాలు. చేతిలో నగదు నిలవలేదు. భూములు అమ్మకానికి పెట్టాడు. 1547లో ఆయన చనిపోయేనాటికే వాటిలో పెద్ద భాగం చేతులు మారింది.

కొన్నవాళ్లలో బిరుదులున్న ప్రభువులు కొందరు ఉన్నారు. ఈరోజు నేను చెప్పబోయేది మాత్రం వాళ్ల కింది మెట్టు మీద ఉన్నవాళ్ల గురించి. ప్రభువుల సభలో వీళ్లకు చోటు లేదు. పేరు ముందు ‘సర్’ అనో, పేరు తరవాత ‘ఎస్క్వయిర్’ అనో ఉంటుంది. నాగలి పట్టరు. రెండు మూడు ఊళ్ల కౌళ్ల మీద బతుకుతారు. ఊళ్లో పెద్ద ఇల్లు వాళ్లది. తగవులు తీర్చే మేజిస్ట్రేటు వాళ్లే, జీతం లేకుండా. పార్లమెంటు దిగువ సభలో కూర్చునేదీ ఎక్కువగా వాళ్లే. జెంట్రీ అంటే వీళ్లు.

విల్ట్‌షైర్‌లో లేకాక్ అనే ఊళ్లో సన్యాసినుల మఠం ఒకటి ఉండేది. 1540లో దాన్ని విలియం షారింగ్టన్ కొన్నాడు. ప్రార్థనా మందిరాన్ని పడగొట్టించి, సన్యాసినులు తిరిగిన రాతి వసారాలను ఉంచి, వాటిమీద తన ఇల్లు కట్టించుకున్నాడు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. అలాంటి ఇంట్లో పడుకునేవాడికి మఠాలు మళ్లీ వస్తాయేమోనన్న బెంగ ఎంత ఉండాలి? ఇంగ్లండు మత చరిత్రను నేను ఆ బెంగ నుంచి చదువుతాను. పోపును కాదన్న ప్రొటెస్టెంటు సిద్ధాంతాన్ని మనస్ఫూర్తిగా నమ్మినవాళ్లు లేరని కాదు, చాలామందే ఉన్నారు, కాల్చేసినా మాట మార్చనివాళ్లు ఉన్నారు. కానీ ఆ మతం ఊళ్లలో వేళ్లూనుకోవడానికి భూమి పట్టాలు చేసిన పని ప్రసంగాలు చేసిన పనికి తక్కువ కాదు.

దీనికి గట్టి రుజువు హెన్రీ కూతురు మేరీ కాలంలో దొరుకుతుంది. ఆమె 1553లో గద్దెనెక్కింది. కరుడుగట్టిన కాథలిక్కు. పోపు అధికారాన్ని దేశంలోకి తిరిగి తెస్తానంది. పార్లమెంటు సరేనంది. పూజలు పాత పద్ధతిలో మొదలయ్యాయి. పోపు ప్రతినిధి కార్డినల్ పోల్ వచ్చి దేశం చేసిన పాపాన్ని క్షమించామని ప్రకటించాడు. అన్నిటికీ ఒప్పుకున్న ఆ సభ ఒక్కచోట మాత్రం అడుగు వెనక్కి వెయ్యలేదు. మఠాల భూములు ఎవరి దగ్గరున్నాయో వాళ్ల దగ్గరే ఉండాలి. పోపు మూడో జూలియస్ చేత ఆ హామీ ఇప్పించుకుని, చట్టంలో రాయించుకుని మరీ ఊరుకున్నారు. ఆ సభలో కూర్చున్నవాళ్లలో నిఖార్సైన కాథలిక్కులు బోలెడుమంది. భక్తి తిరిగొచ్చింది, మాన్యం రాలేదు. మేరీ తన వాటాకు వచ్చిన భూములతో కొన్ని మఠాలను తిరిగి తెరిచింది. అయిదేళ్లకు ఆమె పోయింది, అవీ పోయాయి.

ఇంకో కుటుంబం సంగతి చెప్తాను. మఠాలను మూయించే పని దగ్గరుండి నడిపింది హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్. ఆయన అక్కచెల్లెళ్లలో ఒకామె కొడుకు రిచర్డ్ విలియమ్స్. మేనమామ ఇంటిపేరు పెట్టుకుని రిచర్డ్ క్రామ్‌వెల్ అయ్యాడు. హించింగ్‌బ్రూక్ సన్యాసినుల మఠం, రామ్సే మఠం అతని చేతికొచ్చాయి. ఆ రిచర్డ్ మునిమనవడే ఆలివర్ క్రామ్‌వెల్. 1649లో రాజు తల తీయించి, అదే ఏడు ఐర్లండు మీదికి దండెత్తిన మనిషి. ఆ ఇంటి పునాది మఠం మాన్యం.

మాన్యంతో పాటు ఇంకో రెండు హక్కులు జెంట్రీ చేతికి వచ్చాయి. మొదటిది, పారిషుకు, అంటే ఒక చర్చి కింద ఉండే ఊరికి, చర్చి గురువును నియమించే హక్కు. దీన్ని ఆస్తిలాగే కొనొచ్చు, అమ్మొచ్చు, కొడుక్కి రాసివ్వొచ్చు. పెద్దకొడుకుకు ఎస్టేటు, చిన్నకొడుక్కి చర్చి, ఇలా ఒకే ఇంట్లో రెండూ సర్దుకున్న కుటుంబాలు లెక్కలేనన్ని. రెండోది దశమభాగం. పంటలో పదోవంతు చర్చికి ఇవ్వాలి కదా, చాలా పారిషుల్లో ఆ పదోవంతు పూర్వం మఠాలకు చేరేది. మఠాలు పోయాక మూడోవంతుకు పైగా పారిషుల్లో అందులో పెద్ద వాటా భూస్వాముల గాదెల్లోకి వెళ్లింది. రైతు చర్చికని ఇస్తాడు, తీసుకునేది దొర. ఆదివారం నాడు చర్చిలో ముందు వరస దొరదే, ప్రసంగం చేసే గురువును పెట్టిందీ దొరే. ఆ ప్రసంగంలో దొరకు నచ్చనిది ఎంతవరకు వినబడుతుందో మీరే ఊహించండి.

ఇక కొత్త మతానికి ఒప్పుకోని జెంట్రీ సంగతి. ఈ భాగం దగ్గర నేను కొంచెంసేపు ఆగుతాను.

మేరీ తరవాత గద్దెనెక్కి దేశాన్ని మళ్లీ ప్రొటెస్టెంటు దారి పట్టించిన ఎలిజబెత్ రాణి తొలినాళ్లలో, అంటే 1559లో, ఆదివారం చర్చికి రాకపోతే 12 పెన్నీలు జరిమానా. 1581లో దాన్ని నెలకు 20 పౌండ్లు చేశారు. మధ్యతరగతి భూస్వామి ఏడాది రాబడిని మింగేసే జరిమానా అది. మరో ఆరేళ్లకు, కట్టలేనివాళ్ల భూమిలో మూడింట రెండు వంతులు రాణి స్వాధీనం చేసుకోవచ్చని చట్టం చేశారు. 1585 నుంచి, విదేశాల్లో చదివి గురువై వచ్చిన కాథలిక్కు దేశంలో కనబడితే అది రాజద్రోహం. అతనికి ఆశ్రయమిచ్చిన ఇంటివాడికీ ఉరే.

మరి ఈ కుటుంబాలు ఎలా నెగ్గుకొచ్చాయి? ఇంట్లోనే పనులు పంచుకున్నారు. పెళ్లయిన ఆడదాని పేరున ఆ రోజుల్లో ఆస్తి ఉండదు, కాబట్టి ఆమె నుంచి జరిమానా వసూలు చేయడం కష్టం. మగవాడు ఆదివారం పారిషు చర్చికెళ్లి హాజరు వేయించుకుని వస్తాడు, భూమి నిలబడుతుంది. భార్య ఇంట్లోనే ఉండి, గురువును దాచి, పూజ జరిపించి, పిల్లలకు పాత ప్రార్థనలు నేర్పుతుంది, మతం నిలబడుతుంది. ఇంగ్లండులో కాథలిక్కు మతం బతికి బట్టకట్టిందంటే ఆ ఇళ్ల ఆడవాళ్ల చలవ. పుస్తకాల్లో వాళ్లకు దక్కిన పేజీలు చాలా తక్కువని నా బాధ.

గురువును ఎక్కడ దాచాలి? నికొలస్ ఓవెన్ అనే వడ్రంగి ఉండేవాడు. పొట్టివాడు, ఒక కాలు కుంటి. జెసూట్ అనే కాథలిక్కు సన్యాస సంఘంలో సోదరుడు. పగలు అందరికీ కనబడేలా ఏదో మామూలు చెక్కపని చేసేవాడు. రాత్రి ఒంటరిగా గోడలు తొలిచి దాగుడు గదులు కట్టేవాడు. వూస్టర్‌షైర్‌లోని హార్వింగ్టన్ హాల్లో అలాంటి గదులు నేటికీ చూడొచ్చు, అవి ఆయన పనే అంటారు. ఒక గది గోడలో నిలువు దూలం ఒకటి ఉంటుంది. పక్కనున్న దూలాలకూ దానికీ ఏ తేడా కనబడదు. కింద నొక్కితే అది ఇరుసు మీద తిరుగుతుంది, వెనక మనిషి దూరేంత సందు. ఇంకోచోట మెట్లదారిలో రెండు మెట్ల పలకలు పైకి లేస్తాయి.

1606 జనవరిలో, పార్లమెంటును మందుగుండుతో పేల్చేయాలని కొందరు కాథలిక్కులు పన్నిన కుట్ర బయటపడ్డ కొద్ది వారాలకు, అదే కౌంటీలోని హిండ్లిప్ అనే ఇంటిని సోదా చేశారు. ఓవెన్, మరో సహాయకుడు ఒక గదిలో దాగి నాలుగు రోజులు ఉన్నారు. తినడానికి ఇద్దరికీ కలిపి ఒక్క ఆపిల్. ఆకలికి తాళలేక బయటికొచ్చారు. ఇంకో గదిలో ఇద్దరు జెసూట్ గురువులు మరికొన్ని రోజులు ఉండగలిగారు. పక్క గదిలోంచి పొగగూడు గోడ గుండా పెట్టిన ఒక సన్నని గొట్టంలోంచి ఇంటి ఆడవాళ్లు వాళ్లకు వేడి గంజి లాంటిది పోసేవాళ్లు. చివరికి వాళ్లూ దొరికారు. ఓవెన్‌ను లండన్ టవర్‌లో చిత్రహింసలు పెట్టి చంపారు. ఎవరి ఇంట్లో ఏ గోడ వెనక ఏముందో ఆయన నోటినుంచి రాలేదు. 1970లో చర్చి ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది.

ఇంత కఠినమైన చట్టాలున్నా ఎన్నో కాథలిక్కు కుటుంబాలు నిలబడడానికి ఇంకో కారణం ఉంది. చట్టాన్ని అమలు చేయాల్సిన మేజిస్ట్రేటు పక్క ఎస్టేటు వాడు. ఇద్దరూ కలిసి వేటకెళ్తారు, పిల్లల పెళ్లిళ్లు మాట్లాడుకుంటారు. లండన్ నుంచి ఒత్తిడి వస్తే తప్ప పొరుగువాడి గడప తొక్కడు. ఇరుగుపొరుగు అన్న ఈ మెత్తదనం ఇంగ్లండులో ఉంది, ఐర్లండులో దాదాపు లేదు. రెండు దేశాల దారులు చీలిపోయింది సరిగ్గా అక్కడ.

పదిహేడో శతాబ్దపు అంతర్యుద్ధంలో జెంట్రీ రెండుగా చీలిన సంగతి మీరు చదివే ఉంటారు, దాన్ని దాటేస్తాను. 1687లో రెండో జేమ్స్ చేసిన పని ఒకటి మాత్రం చెప్పాలి. ఆయన కాథలిక్కు రాజు. కాథలిక్కులను ఉద్యోగాలకు రానివ్వని చట్టాలు రద్దు చేయాలనుకున్నాడు. కౌంటీల్లోని మేజిస్ట్రేట్లకు, పెద్దమనుషులకు మూడు ప్రశ్నలు పంపాడు. మీరు పార్లమెంటుకు ఎన్నికైతే రద్దుకు ఓటేస్తారా? అలా వేసే అభ్యర్థిని బలపరుస్తారా? అన్ని మతాలవాళ్లతో సఖ్యంగా ఉంటారా? మూడోదానికి చాలామంది ‘తప్పకుండా’ అన్నారు. మొదటి రెంటికీ ‘సభలో చర్చ విన్నాక చూస్తాం’ అని దాటేశారు, లేదా కుదరదన్నారు. కోపమొచ్చి రాజు వాళ్లను పదవుల్లోంచి పీకేశాడు. రాజును ఎదిరించడం పాపమని అంతకాలం వల్లించిన కుటుంబాలవి. మరుసటి ఏడు జేమ్స్ అల్లుడు, ప్రొటెస్టెంటు అయిన విలియం హాలండు నుంచి సైన్యంతో దిగితే, జేమ్స్ కోసం కత్తి తీసినవాళ్లు కొద్దిమందే.

ఇప్పుడు ఐర్లండు.

నేను మొదట చెప్పిన సూత్రం ఐర్లండులో అడుగుపెట్టగానే తడబడుతుంది, ఆ మాట దాచకూడదు. డబ్లిన్ చుట్టూ పూర్వం ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడిన భూస్వాములు ఉండేవాళ్లు. హెన్రీ కాలంలో అక్కడి మఠాల మాన్యాలు వీళ్లకూ దక్కాయి. అయినా వీళ్లు కాథలిక్కులుగానే ఉండిపోయారు. రాజుకు విధేయులం, మతం మాత్రం మాదే, అన్నారు. వంద సంవత్సరాలు ఆ గీత మీద నడిచారు.

లండన్ వాళ్లను నమ్మలేదు. 1628లో వాళ్లు మొదటి చార్లెస్‌తో ఒక ఒప్పందం చేసుకున్నారు. రాజుకు 1,20,000 పౌండ్లు కట్టాలి. బదులుగా రాజు కొన్ని వరాలు ఇవ్వాలి. అందులో ముఖ్యమైనది, అరవై ఏళ్లుగా అనుభవంలో ఉన్న భూమి మీద రాజు హక్కు అడగకూడదనేది. డబ్బు కట్టారు. 1634లో రాజప్రతినిధి వెంట్‌వర్త్ పార్లమెంటు పిలిచి, పన్నులు మంజూరు చేయించుకుని, ఆ వరాన్ని చట్టం చేయనన్నాడు. కొత్తగా ప్రొటెస్టెంట్లను తెచ్చి కూర్చోబెట్టడానికి భూమి కావాలి మరి. ఇది పచ్చి మోసం. 1641లో ఉత్తరాన అల్‌స్టర్‌లో ఐరిష్ వాళ్లు తిరగబడినప్పుడు, అంతకాలం రాజభక్తులైన ఈ భూస్వాములు కూడా డిసెంబరుకల్లా వాళ్లతో కలిశారు. పట్టాకు భరోసా లేనివాడి విధేయత ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఆ తిరుగుబాటులో ప్రొటెస్టెంటు వలసదారులు వేలల్లో చచ్చిపోయారు. 1649లో క్రామ్‌వెల్ వచ్చి ద్రోహెడా, వెక్స్‌ఫర్డ్ పట్టణాల్లో ఊచకోత కోశాడు. రెండువైపులా ఆ జ్ఞాపకం తరతరాలు మానలేదు. తరవాత జరిగింది లెక్కల పని. యుద్ధానికి అప్పులిచ్చిన లండన్ వర్తకులకు, జీతం బాకీ పడ్డ సైనికులకు డబ్బుకు బదులు భూమి. విలియం పెట్టీ అనే వైద్యుడు సైనికులకు కొలత గొలుసులిచ్చి, 1655, 56ల్లో ఐర్లండులో చాలా భాగాన్ని కొలిపించాడు. కాథలిక్కు భూస్వాముల్ని షానన్ నది దాటి పశ్చిమానికి పొమ్మన్నారు. చరిత్రకారుల అంచనా ప్రకారం కాథలిక్కుల చేతిలో 1641లో 59 శాతం భూమి ఉంటే, 1688లో 22 శాతం, 1703లో 14 శాతం. ఇంగ్లండులో భూమి చేతులు మారి మతాన్ని వెంట తెచ్చుకుంది. ఐర్లండులో జనం మతం మారలేదు గనక భూమినే చేతులు మార్చారు.

మిగిలిన 14 శాతాన్ని కూడా కరిగించడానికి 1704లో ఒక చట్టం చేశారు. కాథలిక్కు భూమి కొనకూడదు. కౌలుకు 31 ఏళ్లకు మించి తీసుకోకూడదు. చనిపోతే ఆస్తి కొడుకులందరికీ సమానంగా పంచాలి. ప్రొటెస్టెంటు కుటుంబాల్లో ఎస్టేటు ముక్కలు కాకుండా పెద్దకొడుక్కే వెళ్తుందని గుర్తుపెట్టుకోండి. 800 ఎకరాలున్న కాథలిక్కుకు నలుగురు కొడుకులనుకోండి. తలా 200. వాళ్లకు నలుగురేసి, తలా 50. మనవల తరానికి పెద్ద ఇల్లు మోయడం అసాధ్యం. ఇందులో ఇంకో మెలిక ఉంది. పెద్దకొడుకు ప్రొటెస్టెంటు చర్చిలో చేరితే మొత్తం అతనికే. తండ్రి బతికుండగానే చేరితే, ఆ రోజు నుంచి తండ్రి తన సొంత భూమిలో బతికున్నన్నాళ్లు అనుభవించేవాడు మాత్రమే, అమ్మడానికి హక్కు లేదు. కొడుకు భోజనాల బల్ల దగ్గర తండ్రి ఎదురుగా కూర్చుని ఉంటాడు. ఆ ఇంట్లో మాటలు ఎలా ఉండి ఉంటాయి! చట్టం తండ్రీకొడుకుల మధ్య దూరి కూర్చోవడం కంటే క్రూరమైన పని ఏముంది?

చాలా కుటుంబాలు తలవంచాయి. పద్దెనిమిదో శతాబ్దపు చివరి భాగానికి కాథలిక్కుల చేతిలో మిగిలింది 5 శాతం అంటారు. అందులో మతం మార్చుకుని భూమి కాపాడుకున్నవాళ్ల లెక్క పోయిందని మరవొద్దు. మనసు మారకుండా పేరు మార్చుకున్నవాళ్లు కొందరైతే, నమ్మకమైన ప్రొటెస్టెంటు స్నేహితుడి పేరున భూమి పెట్టి అనుభవించినవాళ్లు మరికొందరు. వారెన్ హేస్టింగ్స్ మీద అభిశంసన నడిపిన ఎడ్మండ్ బర్క్ మనకు తెలుసు. ఆయన తల్లి కాథలిక్కు భూస్వామి కుటుంబపు ఆడపడుచు, తండ్రి ప్రొటెస్టెంటు లాయరు. కొడుకుల్ని ప్రొటెస్టెంట్లుగా, కూతుర్ని కాథలిక్కుగా పెంచారు. కాథలిక్కులను అణచడానికి చేసిన ఈ చట్టాలను పీనల్ చట్టాలు అంటారు, వాటి మీద ఆయన అంత మండిపడ్డాడంటే అది ఇంట్లో పుట్టిన మంట.

ఈ దారిలో మన ప్రాంతానికి తగిలే మనిషి ఒకడున్నాడు, లార్డ్ కార్న్‌వాలిస్. 1793లో బెంగాలులో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టింది ఆయనే. భూమి మీద స్థిరమైన హక్కు ఇస్తే జమీందార్లు ఇంగ్లండు భూస్వాముల్లాగా వ్యవసాయాన్ని బాగుచేస్తారని ఆశ. 1802 నుంచి అదే పద్ధతిని మద్రాసు ప్రభుత్వం ఉత్తర సర్కారుల్లో అమలుచేసింది. కార్న్‌వాలిస్ 1798లో తిరుగుబాటు రగిలిన ఐర్లండుకు రాజప్రతినిధిగా వెళ్లాడు. అక్కడి ప్రొటెస్టెంటు పెద్దల కసి చూసి అసహ్యించుకున్నాడు. కాథలిక్కులకు పార్లమెంటు తలుపు తెరవాలన్నాడు. మూడో జార్జి ఒప్పుకోలేదు. 1801లో పదవి వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ తలుపు తెరిపించింది కెర్రీ కౌంటీలో డెరినేన్ అనే ఊరి భూస్వాముల ఇంటి బిడ్డ డేనియల్ ఓకానెల్. పీనల్ చట్టాల కాలాన్ని కాథలిక్కులుగానే దాటుకొచ్చిన కుటుంబం. పెంచిన పెదనాన్నకు సముద్రం మీద దొంగసరుకు వ్యాపారం. 1828లో క్లేర్ కౌంటీ ఉపఎన్నికలో ఓకానెల్ నిలబడ్డాడు. ఎదుటి అభ్యర్థి వెసీ ఫిట్జెరల్డ్ మంచి భూస్వామి, కాథలిక్కుల హక్కులకు అనుకూలుడు కూడా. ఓటు అందరిముందు నోటితో చెప్పాలి. ఎవరు ఎవరికి వేశారో దొరకు తెలిసిపోతుంది, కౌలు పోవచ్చు. అయినా కౌలురైతులు గురువుల వెంట బారులు తీరి వచ్చి ఓకానెల్‌కు 2,057 ఓట్లు వేశారు. ఫిట్జెరల్డ్‌కు 982. మరుసటి ఏడు చట్టం వచ్చింది. దాంతోపాటే ఓటుహక్కుకు కావలసిన ఆస్తిని 40 షిల్లింగుల నుంచి 10 పౌండ్లకు పెంచారు. ప్రాణాలకు తెగించి ఓటేసిన ఆ చిన్న రైతులే ఓటు పోగొట్టుకున్నారు. ఓకానెల్ దీన్ని ఇంకా గట్టిగా ఎదిరించి ఉండాల్సిందని నా అభిప్రాయం.

తరవాత కరువు. 1847లో, పావు ఎకరం కన్నా ఎక్కువ భూమి ఉన్నవాడికి ప్రభుత్వ సాయం అందకూడదన్న నిబంధన తెచ్చింది గాల్వే భూస్వామి విలియం గ్రెగరీ. వాళ్ల కూల్ ఎస్టేటును ఆయన ముత్తాత ఈస్టిండియా కంపెనీలో సంపాదించిన డబ్బుతో కొన్నాడు. ఆకలికి తాళలేక జనం భూమి వదిలేశారు, దొరలు వాళ్ల గుడిసెలు కూల్చారు, వాళ్లు ఓడలెక్కారు.

1879లో కౌలురైతుల సంఘం లాండ్ లీగ్ పుట్టింది. కౌలురైతు కొడుకు మైకేల్ డేవిట్ దాన్ని మొదలుపెడితే, అధ్యక్షుడు పార్నెల్. ఆయన విక్లో కౌంటీలో ప్రొటెస్టెంటు భూస్వామి. మరుసటి ఏడు మేయో కౌంటీలో లార్డ్ ఎర్న్ ఏజెంటు కెప్టెన్ బాయ్‌కాట్ అనే ఆయన ఇంటికి, లీగ్ పిలుపు మీద, పనివాళ్లు, చాకలి, తపాలా కుర్రాడు అందరూ రావడం మానేశారు. పంట కోయడానికి అల్‌స్టర్ నుంచి యాభైమంది ప్రొటెస్టెంట్లను, వాళ్లకు కాపలాగా సైన్యాన్ని తేవలసి వచ్చింది. ఆ పంట విలువకు ఎన్నో రెట్లు ఖర్చయింది. ఏడాది చివరికి బాయ్‌కాట్ దేశం వదిలాడు.

ఈ లోపల 1869 చట్టంతో ఐర్లండులో ప్రొటెస్టెంటు చర్చికి ప్రభుత్వ హోదా తీసేశారు. 1903 చట్టం భూస్వాములకు ధరపైన 12 శాతం అదనంగా ఇచ్చి భూమి అమ్మమంది. కౌలురైతులు ప్రభుత్వ అప్పుతో కొని, 68 ఏళ్లకు పైగా వాయిదాలు కట్టాలి. ఎస్టేట్లు ఒకదాని వెనక ఒకటి అమ్ముడుపోయాయి. స్వాతంత్ర్యపోరులో, తరవాత అంతర్యుద్ధంలో, 1920 నుంచి 1923 దాకా, పెద్ద ఇళ్లు వందల్లో తగలబడ్డాయి. ఆ వాయిదాల బాకీని 1932లో కొత్త ఐరిష్ ప్రభుత్వాధినేత డి వాలెరా ఇంగ్లండుకు కట్టనన్నాడు. ఆరేళ్ల వాణిజ్య యుద్ధం తరవాత 1938లో కోటి పౌండ్లతో లెక్క తేల్చుకున్నారు.

బ్రిటన్ కిందే ఉండిపోయిన ఉత్తరాన మాత్రం భూస్వామి, రైతు చాలాచోట్ల ఒకే మతం. అందుకే అక్కడ దొరతనం ఇంకా చాలాకాలం నడిచింది. 1943 నుంచి ఉత్తర ఐర్లండు ప్రధానిగా బేసిల్ బ్రూక్, ఆయన తరవాత టెరెన్స్ ఓనీల్, ఆ తరవాత జేమ్స్ చిచెస్టర్ క్లార్క్, ముగ్గురూ పెద్ద ఎస్టేట్ల కుటుంబాలవాళ్లే. అల్‌స్టర్‌లో వలసలు పెట్టించిన పదిహేడో శతాబ్దపు రాజప్రతినిధి ఆర్థర్ చిచెస్టర్ కుటుంబపు పేరే ఆ మూడో ఆయన పేరులో ఉంది. బెల్‌ఫాస్ట్ వీధులు మండుతుండగా 1971 మార్చిలో ఆయన రాజీనామా చేశాడు. ఆ కుర్చీలోకి వచ్చిన బ్రయన్ ఫాక్నర్ చొక్కాల ఫ్యాక్టరీ యజమాని కొడుకు. ఏడాది తిరిగేసరికి ఉత్తర ఐర్లండు పార్లమెంటును లండన్ పక్కన పెట్టేసింది.